సమాజం తరఫున ఒక ప్రశ్న

విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ అధ్యయన కేంద్రమని ఒకటుంది. పేరు వింటే ప్రపంచమంతా అక్కడే కాపురముంటోందేమో అనిపిస్తుంది. తీరా మెట్లెక్కి చూస్తే మూడో అంతస్తులో రెండు గదులు, ఒక హాలు, పొద్దస్తమానం కారే ఏసీ ఒకటి, దాని కింద ప్లాస్టిక్ బకెట్టు ఒకటి. బకెట్టు నిండినప్పుడల్లా తీసుకెళ్ళి పారబోసేది ఆ కేంద్రం కోఆర్డినేటరే. తొమ్మిదేళ్ళుగా ఆమె అక్కడ పనిచేస్తోంది. తొమ్మిదేళ్ళూ ఏడాదికోసారి డైరెక్టరు గది బయట ఫైలు పట్టుకుని నిలబడి, కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించుకుంటూ వస్తోంది.

ఇంతకీ ఆ కేంద్రం చేసే ఘనకార్యం ఏమిటయ్యా అంటే, బహిరంగ సభలు పెట్టడం. లోకంలో ఏదో ఒక మూల గురించి మాట్లాడమని ఒక పెద్దమనిషిని పిలుస్తారు. ఆయన వచ్చి తొంభై స్లైడ్లు వేసి, ముప్ఫయ్యో స్లైడు దగ్గర టైమైపోయిందని తెలుసుకుని, మిగతావి ఎవరో తరుముతున్నట్టు తిప్పేసి కూర్చుంటాడు. "ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, సమాజానికి" అని బ్యానరు మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంటుంది. హాజరు పట్టీలో కూడా ఆ మూడే గడులు. వచ్చినవాడు మనిషైతే చాలదు, ఆ మూడింట్లో ఏదో ఒకటి అయి ఉండాలి.

ఉపాధ్యాయులు వచ్చేది సర్టిఫికెట్టు కోసం. ఏడాదికి ఇన్ని గంటల శిక్షణ పొంది తీరాలని పైవాళ్ళు రూలు పెట్టారు కాబట్టి వస్తారు. పొద్దున సంతకం పెట్టేటప్పుడే సాయంత్రం సంతకం కూడా పెట్టేసి, వెనక వరసలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటారు. విద్యార్థులు తమంతట తాము రారు, ఒక లెక్చరరు వాళ్ళని తోలుకొస్తాడు. కూర్చున్నది మొదలు ఫోన్లలో తల దూరిస్తే మళ్ళీ టీ టైముకే ఎత్తుతారు. ఇక సమాజం అంటే పక్క వీధిలోని రిటైరైనవాళ్ళ సంఘం. సమాజం పదింటికి వస్తుంది, పదీ పదికి బిస్కెట్లు తింటుంది, పదిన్నరకల్లా గుర్రు పెడుతుంది. దాన్ని లేపకూడదని కోఆర్డినేటరుకి ఆజ్ఞ, ఎందుకంటే ఫొటోలో తలలు కనబడాలి.

వీళ్ళందరి మీదా డైరెక్టరు ఒకడు. ఆయన్ని అందరూ చాటుగా గ్లోబుగారు అంటారు. టేబులు మీద గ్లోబు ఉంటుంది. ఆలోచన తట్టనప్పుడల్లా దాన్ని వేలితో తిప్పుతాడు, అందుకని అది ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఈ మహానుభావుడు జన్మకో శివరాత్రి అన్నట్టు ఒక్కసారి విదేశం వెళ్ళాడు. నాలుగు రోజుల సదస్సు. హోటలు గదీ, హోటలు కింద హాలూ, వాటి మధ్య లిఫ్టూ తప్ప ఇంకేమీ చూడలేదు. అయినా పద్దెనిమిదేళ్ళుగా ఎక్కడ మైకు దొరికినా "నేను అక్కడ ఉన్న రోజుల్లో" అని మొదలుపెడతాడు. వినేవాళ్ళలో ఎవరూ ఎన్ని రోజులని అడిగిన పాపాన పోలేదు.

అడగరు. అదే అసలు బాధ. ఈ జనం ఏమీ అడగరు.

మొదట్లో కోఆర్డినేటరు చాలా ఉత్సాహంగా ఒక పద్ధతి పెట్టింది. అందరికీ చీటీలు ఇవ్వడం, మనసులో ఉన్న ప్రశ్న రాసి పెట్టెలో వెయ్యమనడం, వాటిని ఏరి గ్లోబుగారి చేతికి ఇస్తే ఆయన మైకులో చదవడం. మైకు పట్టుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు కూడా రాస్తారు కదా అనుకుంది పిచ్చితల్లి. మొట్టమొదటి సభలో పెట్టె తెరిస్తే వచ్చినవి చాలావరకు ఇలాంటివి: సర్టిఫికెట్లు ఎన్నింటికిస్తారు? గేటు దగ్గర నీలం కారు అడ్డంగా ఉంది, ఎవరిది? ఫ్యాను తగ్గించండి. ఫ్యాను పెంచండి. ఒకడైతే పువ్వు బొమ్మ గీశాడు.

గ్లోబుగారు వాటిని చూసి మొహం మాడ్చుకుని, "ప్రశ్నల నాణ్యత మీద కాస్త దృష్టి పెట్టాలమ్మా" అన్నాడు. అంటే ఏమిటో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. తరవాతి సభ నుంచి ప్రశ్నలు ఆమే రాయడం మొదలుపెట్టింది. సభకు ఐదు. మూడు రకాల పెన్నులు కొంది. ఉపాధ్యాయుల ప్రశ్నలు కుడిచేత్తో, నీలం సిరాతో, గుండ్రంగా. విద్యార్థులవి అదే చేత్తో, గబగబా, వాలుగా. సమాజానివి మాత్రం నల్ల పెన్నుతో, ఎడమచేత్తో. చదివిన చీటీలు ఫైల్లో అంటించేది. "ప్రజల భాగస్వామ్యం" అని ఆ ఫైలు పేరు. పెట్టెలో జనం నిజంగా వేసినవి బల్ల కిందున్న చెత్తబుట్టలోకి పోయేవి.

ఆ రాసిన ప్రశ్నలకు వక్తలు మురిసిపోయేవాళ్ళు. "సమాజం తరఫున ఒక ప్రశ్న వచ్చింది" అని గ్లోబుగారు గొంతు సవరించుకుని చదివితే, "చాలా లోతైన ప్రశ్న" అని వక్త కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు. సమాజం ఆ పాటికి నోరు తెరిచి నిద్రపోతుండేది. మూలన కూర్చుని ఆమె వాళ్ళందరినీ చూసేది. ఒక్కడికీ వినడం రాదు, ఎంత పనికిమాలిన మందని అనుకునేది. అలా అనుకోవడంలో ఆమెకి ఒక సుఖం కూడా ఉండేది, దాచడమెందుకు.

ఆ మందలో నిద్రపోని మనిషి ఒక్కతే. మూడో వరసలో, నడవా పక్క కుర్చీలో, నిటారుగా కూర్చునే ముసలామె. కోఆర్డినేటరుకి స్వయానా పెద్దమ్మ.

పెద్దమ్మ ముప్ఫై రెండేళ్ళు బళ్ళో భూగోళం చెప్పింది. ఈమెకి కూడా ఐదో తరగతిలో ఆవిడే టీచరు. బళ్ళో పెద్దమ్మ అని పిలిస్తే ఊరుకునేది కాదు. ఎవర్నీ కొట్టేది కాదు, తిట్టేది కాదు. ప్రశ్న అడిగి లేపేది. జవాబు రాకపోతే ఒక్క క్షణం చూసి, "సరే, కూర్చో" అనేది. ఆ మాటకి కూర్చోవడం కంటే వీపు మీద రెండు తగిలించుకోవడం నయమని పిల్లలంతా అనుకునేవాళ్ళు. ఆ ఏడాదే ఈమె బడి మెట్ల మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా రెండు నెలలు ఊరుకుందామంటే పెద్దమ్మ ఒప్పుకుంటేనా? రోజూ బడి విడిచాక పక్కన కూర్చోబెట్టుకుని ఎడమచేత్తో రాయించింది. అక్షరాలు వెనక్కి వాలిపోయేవి, తలకట్లు అంటకుండా పైన తేలేవి. "వాలితే వాలనీ, మానకు" అనేది.

కేంద్రం పెట్టిన మొదటి సభ నుంచీ పెద్దమ్మ వస్తోంది. సర్టిఫికెట్టు అక్కర్లేదు, బిస్కెట్టు ముట్టుకోదు. వారం ముందే విషయం కనుక్కుని గ్రంథాలయానికి వెళ్ళి చదువుకుని మరీ వస్తుంది. చేతిలో పొడుగాటి గోధుమరంగు అట్ట నోటుపుస్తకం. వక్త చెప్పింది రాసుకుంటుంది. చివర్లో ఒక ప్రశ్న ముందు పుస్తకంలో తేదీ వేసి రాసుకుని, ఆ తరవాత చివరి కాయితం చింపి, దాని మీద మళ్ళీ శుభ్రంగా రాసి, నాలుగు మడతలు పెట్టి పెట్టెలో వేస్తుంది.

మొదటి మూడు సభల్లో పెద్దమ్మ చీటీ విప్పి చదివింది కోఆర్డినేటరు. మూడుసార్లూ ఒకటే: "ఆ దేశంలో పిల్లలు బడికి ఎలా వెళ్తారు?" ఆమెకి తల కొట్టేసినట్టయింది. అణ్వస్త్ర ఒప్పందాల మీద ఉపన్యాసమైతే, ఈవిడకి పిల్లలు నడిచి వెళ్తారా, బస్సులో వెళ్తారా అనా? ఆ చీటీ చదివితే గ్లోబుగారు నవ్వుతాడు. మీ పెద్దమ్మటగా అని నలుగురూ అంటారు. నాలుగో సభ నుంచి గీతల కాయితం, నాలుగు మడతలు కనబడగానే విప్పకుండానే బుట్టలో పడేసేది. ఏడాది తిరిగేసరికి అది చెయ్యి చేసే పనయింది, ఆమెకి తెలిసేది కూడా కాదు.

సభ అయ్యాక ఇద్దరూ కలిసి పెద్దమ్మ ఇంటిదాకా నడిచేవాళ్ళు, రెండు బస్టాపుల దూరం. "ఇవాళ కూడా నాది రాలేదే. ఎక్కడో లోపముంది" అనేది పెద్దమ్మ. చాలా ప్రశ్నలొస్తాయి పెద్దమ్మా, టైము చాలదు అని ఈమె అనేది. "లేదులే, మంచి ప్రశ్నయితే టైము దానంతటదే దొరుకుతుంది. వచ్చేసారి ఇంకా బాగా ఆలోచించి రాస్తాను" అనేది ఆవిడ. అరవై సభలు అలా గడిచాయి.

అరవై ఒకటో సభకి తనిఖీ వచ్చింది.

కేంద్రానికి నిధులిచ్చే సంస్థవాళ్ళు తొమ్మిదేళ్ళకి నిద్రలేచి, అసలు ఈ సభల వల్ల ఎవరికైనా ఏమైనా ఒరుగుతోందా చూసి రమ్మని ఒకావిడని పంపారు. ఆవిడ రాసే నివేదిక బాగుంటే ఇంకో ఐదేళ్ళు కేంద్రం ఉంటుంది, లేకపోతే తాళం. గ్లోబుగారికి పది రోజులు నిద్ర లేదు. కోఆర్డినేటరుని పిలిచి, గ్లోబు తిప్పుతూ, "ఈ గండం గట్టెక్కించమ్మా. నీ పర్మినెంటు ఫైలు నా చేత్తో నేనే పైకి పంపిస్తాను" అన్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన అరచేతిలో వైకుంఠం చూపిస్తూనే ఉన్నాడు గానీ, ఈసారి ఆయన ప్రాణం మీదికి కూడా వచ్చింది కాబట్టి నమ్మొచ్చనుకుంది. ఆ సంగతి పెద్దమ్మకీ చెప్పింది. ఆ పొద్దున హాల్లోకి వస్తూనే పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఇవాళ తేలుతుందిగా నీ ఉద్యోగం" అని, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

తనిఖీ ఆవిడ పొట్టిగా, తెల్లజుట్టుతో, గుడ్డ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. ముందు వరసలో ఆవిడ కోసం వేసిన సోఫాని పట్టించుకోకుండా ఆఖరి వరసలో పేపర్లు దిద్దుకునే టీచర్ల పక్కన కూర్చుంది. వాళ్ళు నాలుక్కరుచుకుని పేపర్లు సంచుల్లో దాచేశారు. ఆ రోజు విషయం సముద్రం మధ్యలోని చిన్న దేశాలు. వక్త ఆ దేశాల్లో దేనికీ వెళ్ళలేదట, కానీ వాటి మీద మూడు పుస్తకాలు రాశాడట. గ్లోబుగారు ఆయన్ని పరిచయం చెయ్యడానికే ఇరవై నిమిషాలు తీసుకున్నాడు. అందులో పదిహేను నిమిషాలు తన గురించే.

చీటీల వేళయింది. కోఆర్డినేటరు పెట్టె తెచ్చుకుని, మూలనున్న బల్ల దగ్గర కూర్చుని, ఏరుతున్నట్టు చేతులు కదిలించింది. తన ఐదు చీటీలూ పైన పెట్టింది. నాలుగు మడతల గీతల కాయితం చేతికి తగిలింది. మామూలుగా అయితే బుట్టలోకే. ఇవాళ తనిఖీ ఆవిడ కళ్ళు ఎక్కడున్నాయో తెలియదు కాబట్టి మెల్లగా తన హ్యాండుబ్యాగులోకి జార్చి జిప్పు వేసింది. గ్లోబుగారు ఐదూ చదివాడు. చివరిది సమాజం తరఫున. వక్త కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అంతా సవ్యంగా జరిగిపోయింది.

టీ వేళయింది. తనిఖీ ఆవిడ కప్పు పట్టుకుని తిన్నగా పెద్దమ్మ పక్కకి వెళ్ళి కూర్చుంది. నోటుపుస్తకం చూసి ఏదో అడిగింది. పెద్దమ్మ పేజీలు తిప్పి చూపిస్తోంది. గ్లోబుగారికి వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో తెలియకపోయినా, తను లేనిచోట జరిగే ఏ సంభాషణా మంచిది కాదని అనుభవం. ఆఘమేఘాల మీద వెళ్ళి తనిఖీ ఆవిడని ఫైళ్ళు చూద్దురుగాని రండంటూ తన గదిలోకి లాక్కుపోయాడు.

గదిలో ఆవిడ పెన్సిలు పట్టుకుని "ప్రజల భాగస్వామ్యం" ఫైలు మొదటి పేజీ నుంచి చూసింది. తొందరేమీ లేదు ఆవిడకి. చివరికి, ప్రశ్నలు బాగున్నాయంది. కాసేపాగి, మరీ బాగున్నాయంది. ఆ వెటకారం అర్థమైతే ఆయన గ్లోబుగారెందుకవుతాడు? ఇక్కడి సమాజం స్థాయి అలాంటిదని, తామే ఇన్నేళ్ళుగా దాన్ని తయారుచేశామని డబ్బా కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆయన ముగించేదాకా ఆగి, బయట ఒక పెద్దావిడ కలిశారని, తొమ్మిదేళ్ళుగా ప్రతి సభకీ వచ్చి ప్రతిసారీ ఒక ప్రశ్న రాస్తారట, ఒకసారి పిలుస్తారా అని అడిగింది.

పిలవడానికి కోఆర్డినేటరే వెళ్ళింది. చెబుదామనుకుంది. పెద్దమ్మా, అక్కడ ఏమడిగినా నన్ను ముంచకు, అని ఒక్క ముక్క చెబితే చాలు. తీరా ఎదురుపడేసరికి పెద్దమ్మే ముందు మాట్లాడింది.

"నా ప్రశ్న గురించేనా? ఇవాళ్టిది బాగా వచ్చిందే. పది రోజులు ఆలోచించాను."

ఆమె ఊరికే రమ్మని చెయ్యి చూపించింది.

తనిఖీ ఆవిడ లేచి పెద్దమ్మకి కుర్చీ వేసింది. నోటుపుస్తకం తీసుకుని, ఒకచోట ఆగి, పైకి చదివింది. "సరిహద్దు మారిన మర్నాడు ఆ ఊరి బళ్ళో టీచరు బోర్డు మీద ఏ దేశం పేరు రాసింది? పిల్లలు ఏమన్నారు?" గ్లోబుగారు అద్భుతం, మహాద్భుతం అన్నాడు. ఇలాంటివి తమకి కోకొల్లలుగా వస్తుంటాయన్నాడు.

"ఇది ఫైల్లో లేదే" అంది ఆవిడ. "ఈ పుస్తకంలో అరవై ఒకటున్నాయి. నేను చూసినంతలో ఒక్కటీ ఫైల్లో లేదు."

గ్లోబుగారు వేలితో గ్లోబు తిప్పాడు. అది తిరిగి తిరిగి ఆగిపోయింది. అప్పుడు తల తిప్పి కోఆర్డినేటరు వంక చూశాడు, ఆమె ఎవరో కొత్తగా పనిలో చేరినట్టు. చూశారా మనిషి బుద్ధి. ఐదు నిమిషాల క్రితం సమాజాన్ని తయారుచేసింది ఈయనే, ఇప్పుడు చీటీల వ్యవహారం ఎవరు చూస్తారో కూడా ఈయనకి తెలియదు. ఆమెకి తొమ్మిదేళ్ళు కళ్ళ ముందే కొట్టుకుపోతున్నాయి.

ఈలోగా ఫైలు పెద్దమ్మ ముందు తెరిచి ఉంది. టీచరు చేతికి కాయితాలు తగిలితే ఊరుకుంటుందా? కళ్ళద్దాలు పెట్టుకుని ఒక పేజీ తిప్పింది. "సమాజం" అని రాసున్న చీటీ మీద ఆవిడ వేలు ఆగింది. ఇంకో పేజీ తిప్పింది. అక్కడా సమాజం చీటీ మీదే ఆగింది. ఇంకో పేజీ. అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. తలకట్లన్నీ అంటకుండా పైన తేలుతున్నాయి. పెద్దమ్మ ఒక తలకట్టు మీద గోటితో మెల్లగా గీసి చూసింది. తల మాత్రం ఎత్తలేదు.

"మీ ప్రశ్నలు పెట్టెలో వేశారా?" తనిఖీ ఆవిడ అడిగింది.

పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి, మడిచి, డబ్బాలో పెట్టుకుంది.

"లేదమ్మా. రాసుకోవడం వరకే. నలుగురిలో చదువుతారంటే మొహమాటం. ఒక్కటీ వెయ్యలేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

ముప్ఫై రెండేళ్ళు రెండు తరాల పిల్లలకి భూగోళం చెప్పిన మనిషికి మొహమాటమట. తనిఖీ ఆవిడ నమ్మిందో లేదో దేవుడికే తెలియాలి. పెద్దమ్మని చూసింది, కోఆర్డినేటరుని చూసింది, పెన్సిలుతో ఒక లైను రాసుకుని ఫైలు మూసేసింది. మొహమాటపడేవాళ్ళ చేత కూడా అడిగించగలిగితే బాగుంటుందని మాత్రం అంది. ఆ మాట గ్లోబుగారికి అమృతంలా తగిలింది. అప్పటికప్పుడు, ప్రశ్న అడగడం ఎలా అన్న అంశం మీద రెండు రోజుల సదస్సు పెడతామని ప్రకటించాడు. ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, సమాజానికి.

సాయంత్రం ఐదింటికి అంతా సర్దేసి, బకెట్టు పారబోసి కోఆర్డినేటరు కిందికి వచ్చేసరికి పెద్దమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. వెళ్ళిపోయి ఉంటుందనుకుంది ఆమె. వెళ్ళిపోయి ఉంటే బాగుండునని కూడా అనుకుంది. ఇద్దరూ ఎప్పటిలాగే నడిచారు. పెద్దమ్మ నోటుపుస్తకం చంకలో పెట్టుకుని రెండడుగులు ముందు నడిచింది. ఇవాళ నాది రాలేదే అనలేదు. దుకాణాల ముందు షట్టర్లు సగం ఎత్తి నీళ్ళు చల్లుతున్నారు. ఒకచోట రోడ్డు తవ్వితే దాటడానికి చెయ్యి అందించబోయింది ఈమె. పెద్దమ్మ పక్కనున్న గోడ పట్టుకుని దాటింది.

రెండో బస్టాపు దగ్గర ఫోను మోగింది. గ్లోబుగారు. గట్టెక్కామన్నాడు. ఆవిడ వెళ్తూ వెళ్తూ బాగానే రాస్తానందట. ఫైలు రేపే పైకి పంపిస్తానన్నాడు, ఉద్యోగం ఖాయమైనట్టే అనుకోమన్నాడు. చివర్లో, ఆ సమాజం చీటీలు ఇక ముందు కాస్త జాగ్రత్తగా, అని నవ్వాడు. ఫోను పెట్టేశాక ఆమె మనసు తేలికపడింది, నిజంగానే పడింది. తొమ్మిదేళ్ళ బరువు మరి. అయిపోయిందిలే, పెద్దమ్మ కాపాడింది, రేపు వచ్చి కాళ్ళ మీద పడితే పోతుంది, కోపమెంతసేపు అనుకుంది.

"పర్మినెంటయ్యేటట్టుంది పెద్దమ్మా" అంది వెనక నుంచి.

"మంచిది" అంది పెద్దమ్మ, ఆగకుండానే.

పెద్దమ్మది మేడ మీద రెండు గదుల ఇల్లు. ఇరుకు మెట్లు. పెద్దమ్మ పైకెక్కి, తాళం తీసి, తలుపు సగం తెరిచి, గుమ్మంలో ఇటు తిరిగి నిలబడింది. ఈమె నాలుగు మెట్ల కింద ఆగిపోయింది. ఐదో తరగతిలో బోర్డు దగ్గర నుంచి టీచరు చూసినప్పుడు కూడా సరిగ్గా ఇంతే ఎత్తు కనబడేది.

"పారేసిందానికి కాదు నా బాధ. నీకేవో ఇబ్బందులుంటాయి" అంది పెద్దమ్మ. "అవి చదివావా?"

"చదివాను పెద్దమ్మా." మాట దానంతటదే వచ్చేసింది.

"అయితే ఒకటి చెప్పు."

ఆమె వెతుక్కుంది. వెంటనే దొరికింది కూడా. సరిహద్దు మారిన మర్నాడు టీచరు బోర్డు మీద ఏ దేశం పేరు రాసింది అని గడగడా అప్పగించేసింది.

"అది ఇందాక ఆవిడ చదివింది. నువ్వు చదివింది చెప్పు."

"ఆ దేశంలో పిల్లలు బడికి ఎలా వెళ్తారు?"

"అది మొదటి ఏడాదిది." పెద్దమ్మ గొంతులో కోపం లేదు. జవాబు కోసం ఎంతసేపైనా ఆగే ఓపిక ఒక్కటే ఉంది. "ఇవాళ్టిది చెప్పు."

హ్యాండుబ్యాగు భుజానే ఉంది. జిప్పు వేసే ఉంది. లోపల నాలుగు మడతల కాయితం పొద్దుటి నుంచీ ఆమెతోనే ఉంది. హాల్లో ఉంది, వరండాలో ఉంది, రెండు బస్టాపులు ఆమెతో నడిచొచ్చింది. విప్పి చూద్దామన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు బ్యాగు మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది, తరగతిలో పుస్తకం తెరవబోయి దొరికిపోయినట్టు. వినడం రాని మందని తొమ్మిదేళ్ళు ఎవరెవరినో తిట్టుకుంది. వాళ్ళు నయం, పేపర్లు దిద్దుకుంటూనైనా ఎప్పుడో ఒకసారి తలెత్తి ఉంటారు.

పెద్దమ్మ ఒక్క క్షణం చూసింది.

"సరే, కూర్చో" అంది.

తలుపు మెల్లగా వేసుకుంది, లోపల గడియ పెట్టిన చప్పుడైంది. నలభై రెండేళ్ళ కోఆర్డినేటరు, రేపోమాపో పర్మినెంటు కాబోతున్న మనిషి, ఆ మెట్టు మీదే కూర్చుంది.